పది గంటల గడి

రైల్లో టీ బండి తోసే ఆవిడని సామాన్ల గదిలో కూర్చోబెట్టి, కండక్టరమ్మ బయట తాళం వేసేసరికి పది గంటల నలభై ఒక్క నిమిషం. తర్వాతి స్టేషన్ పదకొండూ ఎనిమిదికి. అక్కడ పోలీసులు ఎక్కుతారు. అంటే నాకు మిగిలింది ఇరవై ఏడు నిమిషాలు.

"కేసు క్లోజయినట్టే," అన్నారు డీఎస్పీగారు చేతులు దులుపుకుంటూ. ఆయన రిటైరై ఆరేళ్ళయిందట. అయినా భుజాల మీద ఇంకా నక్షత్రాలున్నట్టే నిలబడ్డారు.

"పెట్టె దొరికిందాండీ?" అన్నాను.

"మనిషి దొరికింది కదా. వస్తువు ఎక్కడికి పోతుంది?"

"మనిషి దొరికాక కూడా వస్తువు దొరకని కేసులు నా సర్వీసులో బోలెడు చూశాను."

"మీరు చూసింది టికెట్ లేని ప్రయాణాలు, టీసీగారూ. ఇది క్రైమ్."

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఆరేళ్ళు రైళ్ళలో టికెట్లు చూసినదాన్నే, కాదనను. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాను. పెట్టిన ఏడేళ్ళలో పోలీసులు వదిలేసిన కేసులే ఎక్కువగా నా బల్ల మీదికి వచ్చాయి. ఆ సంగతి ఆయనకి చెప్పి ప్రయోజనం లేదు. చెప్పడానికి టైమూ లేదు.

నిజానికి ఈ దేశానికి నేను పని మీద రాలేదు. మా అన్నయ్యా వదినా ఇక్కడ పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నారు. "నీకు రైళ్ళంటే పిచ్చి కదా వదినా, వచ్చి మా రైళ్ళు కూడా చూడు" అని ఆవిడ పిలిచింది. మేమిద్దరం ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటాం, పెళ్ళయిన మొదటి వారం నుంచీ పోట్లాడుకుంటూనే ఉంటాం. పొద్దున్న ఏడున్నరకి మేమిద్దరం ఎక్కిన ఈ రైలు కదిలిన సంగతే నాకు తెలియలేదు. కుదుపు లేదు, కూత లేదు. కిటికీ అవతల ప్లాట్‌ఫారం జరుగుతుంటే పక్క రైలు వెళ్తోందనుకున్నాను. కాళ్ళు చాపుకోడానికి చోటు, మొహమంత కాదు మనిషంత కిటికీ. హాయిగా ఉంది. కష్టమల్లా ఒకటే. ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పినా మనకి అర్థం కాదు. ఎక్కాల్సిన బోగీ ప్లాట్‌ఫారం మీద ఏ అక్షరం ఎదురుగా ఆగుతుందో మనమే చూసుకోవాలి. పైగా ఈ రైలు జంక్షన్లో రెండు ముక్కలవుతుంది. ముందు నాలుగు బోగీలు కొండల మీదుగా పెద్ద నగరానికి, వెనక నాలుగు బోగీలు సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి. తప్పు ముక్కలో కూర్చున్నవాడు తప్పు ఊరికి పోతాడు.

ఆ విడదీయడం చూడాలని నేను తొమ్మిదీ నలభై ఒకటికి జంక్షన్లో దిగాను. "ఎక్కు వదినా, నిన్ను ఇక్కడే వదిలేసి పోతుంది" అని మా వదిన తలుపు దగ్గర నిలబడి ఒకటే గోల. పన్నెండు నిమిషాలు ఆగింది రైలు. బోగీల మధ్య కొక్కెం దానంతటదే ఊడింది, చేత్తో ముట్టుకున్నవాడు లేడు. అదే టైములో కండక్టరమ్మ ఎవరో కుంటుతున్న పెద్దాయన సామాను మోసుకుంటూ వెనక బోగీల వైపు పరుగెత్తడం చూశాను. టికెట్ చూసే మనిషి ప్రయాణికుడి సామాను మోస్తోంది! నా సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా చేయని పని అది. సిగ్గేసింది, ముచ్చటా వేసింది.

పదీ ఇరవైకి మూడో బోగీలోంచి కేక వినపడింది. అదీ తెలుగులో.

కేక వేసినాయన వయసు నలభై లోపు. ఊళ్ళో మందుల షాపు నడుపుకుంటాడు. ఏడాదికి ఒకట్రెండు సార్లు పైసా పుచ్చుకోకుండా ఒక సేవ చేస్తాడు. ఒక దేశంలో ఎవరో దానమిచ్చిన రక్తకణాలని చిన్న నీలం రంగు ఐస్ పెట్టెలో పెట్టుకుని, మరో దేశంలో రోగి దగ్గరికి స్వయంగా తీసుకెళ్ళి ఇస్తాడు. ఈసారి రోగి ఎనిమిదేళ్ళ పాప. పేరూ ఊరూ ఆయనకీ చెప్పరు. ఆ పాప ఎముకల్లో ఉన్న పాత మూలుగని డాక్టర్లు ఇప్పటికే మందులతో ఖాళీ చేసేశారు. ఈ కణాలు ఎక్కితే బతుకుతుంది. ఎక్కకపోతే ఆమెకి వెనక్కి దారి లేదు. పొగమంచుకి విమానాలు రద్దయి ఆయన రైలెక్కాడు. పెట్టెలో చల్లదనం సాయంత్రం అయిదు దాకా నిలుస్తుంది. ఆ పెట్టె ఇప్పుడు లేదు.

డీఎస్పీగారూ మూడో బోగీలోనే ఉన్నారు, భార్యతో సరదా ప్రయాణం. ఆయన అయిదు నిమిషాల్లో లెక్క తేల్చేశారు. మందుల షాపాయన పది గంటలకి పెట్టెకున్న ఉష్ణోగ్రత మీటరు చూసి కాగితం మీద రాశాడు. పదీ ఇరవైకి పెట్టె లేదు. ఈ మధ్యలో రైలు ఎక్కడా ఆగలేదు. పదీ ఆరుకి ఆ దారిన వెళ్ళింది టీ బండి ఒక్కటే. బండి కింద అర ఉంది, పెట్టె పట్టేంత. కాబట్టి దొంగ ఆవిడే. అర వెతికితే ఖాళీ. బోగీలన్నీ తిరిగి నీలం పెట్టె చూశారా అని అడిగినా లాభం లేకపోయింది. అయితే రైల్లో ఎక్కడో దాచి ఉంటుంది, ఆస్పత్రిని బెదిరించి డబ్బు లాగడానికి. పోలీసులు రైలాపి వెతుకుతారు.

"వెతకడానికి ఎంతసేపు పడుతుందో?" అని అడిగాను.

"రెండు గంటలు. మహా అయితే మూడు."

"ఆ మూడు గంటలు పోతే పాపకి ఇంకేం మిగలదండీ."

నేను వదిన చెయ్యి పట్టుకుని సామాన్ల గది వైపు లాక్కెళ్ళాను.

కండక్టరమ్మ తలుపు తీయడానికి మొదట ఒప్పుకోలేదు. వదిన ఏం చెప్పిందో నాకు తెలియదు, నా వైపు చూపించి చాలాసేపు మాట్లాడింది. చివరికి కండక్టరమ్మ నాకు సెల్యూట్ లాంటిది చేసి తాళం తీసింది.

"ఏం చెప్పావే?"

"మా దేశంలో రైళ్ళన్నిటికీ నువ్వే పెద్ద టీసీవని చెప్పాను."

"అబద్ధమెందుకు?"

"నీతో వేగుతున్నదాన్ని నేను కదా, నా దృష్టిలో అది నిజమే."

టీ బండి ఆవిడ ఒక సూట్‌కేసు మీద కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ఏడవడం లేదు గానీ రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని ఉంది. నేను అడిగింది వదిన వాళ్ళ భాషలోకి మార్చింది, ఆవిడ చెప్పింది తెలుగులోకి మార్చింది. మధ్యలో తన సొంత కవిత్వం కూడా కలిపింది.

"పదకొండేళ్ళుగా ఇదే రైల్లో టీ ఇస్తోందట. ఒక్క చెంచా కూడా పోలేదట. పాపం వదినా, ఆ మొహం చూడు, ఇలాంటి మనిషి..."

"మొహం సంగతి తర్వాత. టైములు అడుగు."

"మూడో బోగీలోకి రెండుసార్లు వెళ్ళిందట. మొదటిసారి తొమ్మిదీ ముప్ఫై ఆరు."

"అంత కచ్చితంగా ఎలా తెలుసో అడుగు."

"అప్పుడు రైలు పెద్ద వంతెన మీద ఉంటుందట. వంతెన దాటేదాకా బండి చక్రాలకి బ్రేకు వేసి నిలబడుతుందట. సరిగ్గా ఆయన సీటు పక్కనే నిలబడిందట. ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడట."

"తొమ్మిదీ ముప్ఫై ఆరుకే నిద్రా?"

"అంతే అంటోంది. ఎదుటి సీట్లో పెద్దాయన ఒకడు టీ తీసుకున్నాడట. ఆయనకి చెవుడు, మూడుసార్లు అడిగిందట. రెండోసారి పదీ ఆరుకి వెళ్తే పెద్దాయన లేడు. మందుల షాపాయన మాత్రం అదే నిద్ర. లేపడం ఎందుకని మెల్లిగా వెళ్ళిపోయిందట."

"ఆ రెండోసారి ఎవరికైనా టీ పోసిందా?"

వదిన అడిగింది. టీ బండి ఆవిడ మొదటిసారి తలెత్తి నా వైపు చూసి, బొటనవేలూ చూపుడువేలూ కొంచెం దూరంగా పెట్టి చూపించింది.

"అరకప్పే పోస్తుందట. జంక్షన్ దాటిన అయిదు నిమిషాలకి కొండ వంపులు మొదలవుతాయి కదా, పది తర్వాత నిండుగా పోస్తే ఒలికిపోతుందట. గంటకి పైగా అంతేనట."

ఆ మాటకి నా బుర్రలో దీపం వెలిగింది. నేను లేచి నిలబడబోయి గోడ పట్టుకున్నాను. రైలు ఇంకా వంపుల్లోనే ఉంది.

"పద వదినా. టైమెంత?"

"పదీ నలభై ఏడు. ఏం దొరికింది?"

"అరకప్పు దొరికింది."

మూడో బోగీలో ఆ సీట్లు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదాంట్లో మందుల షాపాయన మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదుటి సీటు ఖాళీ. రెంటి మధ్య నేల మీద, పెట్టె ఉందని చెప్పిన చోట, రొట్టె పొడి తప్ప ఏమీ లేదు. కిటికీ కిందున్న వల సంచిలో నీలం రంగు పట్టీ ఒకటి ఉంది. పెట్టెని భుజానికి తగిలించుకునే పట్టీ అది.

"అది నేను చూశాను," అన్నారు డీఎస్పీగారు నా వెనక నుంచి. "బండి అరలో పట్టడానికి దొంగ పట్టీ ఊడదీసి పడేసింది. సాక్ష్యం. ముట్టుకోకండి."

ముట్టుకోకుండానే వంగి చూశాను. పట్టీ పడేసినట్టు లేదు. నీటుగా చుట్ట చుట్టి, మధ్యలో రబ్బరు బ్యాండు వేసి ఉంది. దొంగకి పట్టీ చుట్టి రబ్బరు వేసే తీరిక ఎక్కడిది? మందుల షాపాయన ఎడమ మణికట్టు చూశాను. అలాంటి బ్యాండ్లే నాలుగు ఉన్నాయి. మందుల షాపులో పనిచేసేవాళ్ళకి అదొక అలవాటు.

ఆ సంగతి మనసులో పెట్టుకుని, "మీ కాగితం ఒకసారి ఇవ్వండి" అన్నాను.

అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం. అరగంటకో గడి. ఎనిమిది గంటలు, 4.1. ఎనిమిదిన్నర, 4.2. తొమ్మిది, 4.2. తొమ్మిదిన్నర, 4.3. పది గంటలు, 4.3. ప్రతి అంకె పక్కనా సంతకం. పదిన్నర గడి ఖాళీ. అన్నీ ఒకే చక్కని దస్తూరీ, అచ్చు వేసినట్టు.

నా చేతిసంచిలోంచి నా నోటుబుక్కు తీశాను. రైల్లో చూసినవన్నీ టైముతో సహా రాసుకోవడం నా పిచ్చి. జంక్షన్ దాకా నా రాత బాగానే ఉంది. పది గంటల తర్వాత రాసిన పేజీ కోడి కెలికినట్టుంది.

"ఈ కాగితం మీదే, అంచులో, 4.3 అని రాసి సంతకం పెట్టండి," అన్నాను మందుల షాపాయనతో.

"ఎందుకండీ?"

"రాయండి, చెప్తాను."

ఆయన పెన్ను తీశాడు. రైలు ఒక వంపు తిరిగింది. 4 కొమ్ము పక్కకి పోయింది. 3 కిందికి జారి గీతని దాటింది. సంతకం ఎవరిదో అయింది. నేను పది గంటల గడి మీద వేలు పెట్టాను.

"ఏమిటిది టీసీగారూ?" డీఎస్పీగారి గొంతు లేచింది. "పిల్ల ప్రాణం కోసం పరుగెత్తిన మనిషిని పట్టుకుని చేతిరాత పరీక్షలా? బాధితుణ్ణి ముద్దాయిని చేస్తారా?"

"ముద్దాయిని చేసింది మీరండీ, ఆ గదిలో ఉన్నావిడని. దేన్ని బట్టి చేశారు? ఈ ఒక్క గడిని బట్టి. పదింటికి పెట్టె ఉందని ఈ గడి చెప్పింది కాబట్టే పదీ ఆరుకి వెళ్ళినావిడ దొంగ అయింది. పదింటికి రైలు వంపుల్లో ఉంది. అప్పుడు రాస్తే రాత ఇలా రాదు. ఇది వంపులు రాకముందు రాసింది."

"ఆయన చెయ్యి గట్టిది కావచ్చు."

"ఇప్పుడే చూశారుగా ఎంత గట్టిదో."

నేను మందుల షాపాయన ఎదుట ఖాళీ సీట్లో కూర్చున్నాను.

"నేను ఇరవై ఆరేళ్ళు చార్టులు చూసినదాన్ని బాబూ. పక్క బోగీకి వెళ్ళకుండానే చార్టులో టిక్కులు పెట్టేసి పడుకున్న వాళ్ళని ఎంతమందిని చూశానో. ఒకసారి నేనూ పెట్టాను. తొమ్మిదిన్నరకి మీటరు చూశారు. 4.3 రాశారు. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎలాగూ మారదులే అని పది గంటల గడి కూడా అప్పుడే నింపేశారు. అవునా?"

ఆయన భుజాలు ఒక్కసారిగా కిందికి జారాయి.

"యాభై గంటలండీ," అన్నాడు. "యాభై గంటలుగా కన్ను మూయలేదు. ఎయిర్‌పోర్టులో బెంచీ మీద కూడా దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. ఒక్క పావుగంట అనుకున్నాను. లేచేసరికి పదీ ఇరవై. నిద్రపోయానని చెప్తే ఇంకెప్పుడూ ఎవరూ నా చేతికి పెట్టె ఇవ్వరు. ఆ భయంతో... ఆవిణ్ణి గదిలో పెట్టి తాళం వేస్తుంటే కూడా నా నోరు పెగల్లేదు. ఆ పాపకి ఏమైనా అయితే నేను..."

నాకు కోపం రావలసింది. వచ్చింది కూడా. కానీ ఆ కళ్ళ కింద నల్లటి గుంటలు చూస్తే అది నిలబడలేదు.

"ఏడుపు తర్వాత. పాపకి ఇంకా ఆరు గంటలుంది. ఇంకో నిజం చెప్పండి. పట్టీ ఎందుకు ఊడదీశారు?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. డీఎస్పీగారు వలలోని పట్టీ వంక, ఆయన మణికట్టు వంక మార్చి మార్చి చూశారు.

"సంచిలోంచి బయటికి వేలాడుతోందండీ."

"ఏ సంచి?"

"పసుపు బట్ట సంచి. బట్టల షాపుది. పెట్టె చూస్తే ఎవడి కన్నయినా పడుతుందని దాంట్లో పెట్టాను. అలా కప్పకూడదని రూలుంది. కానీ మా అమ్మ నగలు తీసుకుని ఊరెళ్ళాల్సి వస్తే ఎప్పుడూ పాత సంచిలోనే పెట్టేది. పాత సంచిని ఎవరూ ముట్టుకోరని."

మేము అరగంటగా బోగీ బోగీ నీలం పెట్టె కోసం వెతుకుతున్నాం. నీలం పెట్టె చూశారా అని రైలంతా అడిగాం. ఆ రైల్లో ఎవరి కంటికీ నీలం పెట్టె కనబడే అవకాశమే లేదు.

"వదినా," అన్నాను. "కండక్టరమ్మకి ఇది చెప్పు. మనం వెతకాల్సింది పసుపు బట్ట సంచి."

వదిన చెప్పింది. మా వెంటే వచ్చిన కండక్టరమ్మ చేతిలో తాళాల గుత్తి ఉంది. అది గలగలలాడడం ఆగిపోయింది. ఆవిడ నేను కూర్చున్న సీటు వైపు, నేల వైపు చూసి, ఏదో అడిగింది.

"రెండు చెవులున్న సంచేనా, చెవులకి ఎర్ర కుట్టు ఉందా అంటోంది," అంది వదిన.

"ఉందండీ!" అని మందుల షాపాయన లేచి నిలబడ్డాడు.

కండక్టరమ్మ సీటు అంచు మీద కూలబడింది. ఆవిడ చెప్పడం మొదలుపెట్టకముందే నాకు జంక్షన్ కళ్ళ ముందు కనబడింది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి ముచ్చటపడి చూసిన దృశ్యమే. ఆవిడ రెండు చేతుల్లో సామాను, పక్కన కుంటుతున్న పెద్దాయన. ఆ చేతుల్లో పసుపు రంగు ఉందా? ఉంది. కొక్కెం మీదున్న శ్రద్ధ దాని మీద పెట్టలేదు నేను. నా పరాకుకి నన్ను నేనే తిట్టుకున్నాను.

"పెద్దాయన తప్పు ముక్కలో కూర్చున్నాడట. సముద్రం ఊరికి వెళ్ళాలి, వెనక బోగీల్లోకి మారాలి," వదిన గొంతు ఇప్పుడు సొంత కవిత్వం కలపడం మానేసింది. "రైలు కదలడానికి రెండు నిమిషాలే ఉంది. నేల మీద మూడు బట్ట సంచులున్నాయి. ఇవేనా మీవి అని అడిగితే ఆయన తలూపాడు. ఈయన నిద్రలో ఉన్నాడు. మూడూ తనే మోసుకెళ్ళి అక్కడ పెట్టిందట. నేనే మోశాను, నేనే మోశాను అంటోంది."

పదీ యాభై ఆరు. వెనక ముక్క సముద్రం ఊరికి చేరేది పదకొండూ నాలుగుకి. కండక్టరమ్మ డ్యూటీ ఫోను తీసి ఆ రైల్లోని కండక్టరుకి చేసింది. ఫోను స్పీకర్లో పెట్టింది. మొదట బోగీ చప్పుడు, తలుపుల చప్పుడు, ఎవరో దారివ్వమనడం. తర్వాత ఒక ముసలి గొంతు, చెవుడున్నవాళ్ళ గొంతు, గట్టిగా.

వదిన కళ్ళు పెద్దవయ్యాయి. "ఇది నాది కాదని గంట నుంచీ పక్కవాళ్ళందరికీ చెప్తున్నాను, ఎవరికీ పట్టదేం అని అరుస్తున్నాడు. ఎవరిదో ఏమిటో అని కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడట. మూత తియ్యలేదు. సీలు అలాగే ఉంది. మీటరు 4.6."

మందుల షాపాయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మా బోగీలో భాష తెలియనివాళ్ళు కూడా విషయం గ్రహించారు. ఎవరో చప్పట్లు కొట్టారు. డీఎస్పీగారు చటుక్కున కండక్టరమ్మ ముందు చెయ్యి చాపారు, తాళాల కోసం. ఆవిడ ఇచ్చింది. ఆయన సామాన్ల గది వైపు వెళ్ళారు. కాసేపటికి అద్దం తలుపు అవతల కనబడ్డారు. టీ బండి ఆవిడ సూట్‌కేసు మీద కూర్చుని ఉంది, ఆవిడ బండిలోంచి ఆవిడకే టీ పోసి ఇస్తున్నారు. అరకప్పే పోశారు.

కానీ పెట్టె ఒక ఊరికి, పాప ఇంకో ఊళ్ళో. మందుల షాపాయన చేత ఆస్పత్రికి ఫోను చేయించి, నిద్రతో సహా ఉన్నది ఉన్నట్టు చెప్పించాను. అవతలి డాక్టరమ్మ తిట్టలేదు. మధ్యాహ్నం మూడు లోపు తెండి, మేం సిద్ధంగా ఉంటాం అంది. కండక్టరమ్మ జేబులోంచి టైం టేబులు తీసి మోకాలి మీద పరిచింది. ఇద్దరు టికెట్ కలెక్టర్లం దాని మీద వంగాం. అంకెలకి అనువాదం అక్కర్లేదు.

సముద్రం ఊరి నుంచి జంక్షన్ వైపు పదకొండూ పదికి ఎక్స్‌ప్రెస్ ఉంది. పన్నెండింటికి జంక్షన్ మీదుగా వెళ్తుంది. జంక్షన్ నుంచి పెద్ద నగరానికి పన్నెండూ పావుకి బండి. అది నగరం చేరేది రెండూ యాభైకి. దారిలో, మేం పదకొండూ ఎనిమిదికి చేరే స్టేషన్లో దిగి కాచుకుని ఉంటే, ఆ బండిలోనే ఎక్కి పెట్టె అందుకోవచ్చు. పెట్టె తెచ్చేదెవరని నేను అడగబోయేలోగా ఫోన్లో ముసలాయన మళ్ళీ అరిచాడు.

"నేనే తెస్తాను, ఇంట్లో నా కోసం ఏడ్చేవాళ్ళెవరూ లేరు, తాళం వేసే వచ్చాను అంటున్నాడు," అంది వదిన.

నేను టైం టేబుల్లో ఎక్స్‌ప్రెస్ వరస మీద వేలు పెట్టి జరుపుతూ వచ్చాను. జంక్షన్ దగ్గర అంకె లేదు. నిలువు గీత ఉంది. ప్రపంచంలో ఏ టైం టేబుల్లో అయినా ఆ గీతకి ఒకటే అర్థం. బండి అక్కడ ఆగదు.

కండక్టరమ్మకీ అది అప్పుడే కనబడింది. జంక్షన్ దాటితే ఎక్స్‌ప్రెస్ మళ్ళీ ఆగేది గంటన్నర తర్వాత. జంక్షన్ నుంచి నగరానికి తర్వాతి బండి నాలుగూ ఇరవైకి. అది చేరేసరికి ఐసు కరుగుతుంది.

"ఆపించవచ్చా?" అన్నాను.

"కంట్రోల్ ఆఫీసు ఒక్కటే ఆపగలదట. వాళ్ళు కారణం అడుగుతారట. ప్రతి మాటా రికార్డవుతుందట."

డీఎస్పీగారు తిరిగొచ్చి వింటున్నారు. "ప్రయాణికుడు పెట్టెని సంచిలో దాచి, నిద్రపోయి పోగొట్టుకున్నాడని చెప్పమనండి," అన్నారు. "అది అబద్ధమూ కాదు. ఈవిడ ఉద్యోగం మీదికి తెచ్చుకోవడం ఎందుకు?"

"అవునండీ, నా మీదే పెట్టమనండి," అన్నాడు మందుల షాపాయన.

వదిన చెప్పింది. కండక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు జవాబిచ్చింది.

"రోజుకి యాభై మంది ఏదో ఒకటి పోగొట్టుకుని రైలాపమంటారట. ప్రయాణికుడు పోగొట్టుకున్నాడంటే ఆపరట. కండక్టరు చేసిందంటే వింటారట."

ఆవిడ నంబరు నొక్కింది. మొదటి రింగుకే ఎత్తారు. మగ గొంతు, విసుగ్గా. ఆవిడ తన డ్యూటీ నంబరు చెప్పింది, రైలు నంబరు చెప్పింది. వదిన నా చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా ఒక్కో ముక్కా అందించింది.

"జంక్షన్లో ఎక్స్‌ప్రెస్ ఆపాలి అంది. ఎందుకు అన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఎక్కించాల్సిన కణాలు తప్పు రైల్లో వెళ్ళాయి అంది. ఎవరి పొరపాటు అన్నాడు. నాది అంది. నిద్రపోతున్న మనిషి కాళ్ళ దగ్గర సంచిని అడక్కుండా తీశాను, తర్వాత ఆ నేరానికి మా టీ బండి ఆవిణ్ణి గదిలో పెట్టి తాళం వేశాను, రెండూ నేనే చేశాను అంది."

మందుల షాపాయన పెదవులు కదులుతున్నాయి. డీఎస్పీగారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. రైలు చివరి వంపు దాటి తిన్నగా పరుగెత్తడం మొదలుపెట్టింది. పదకొండూ రెండు.

తర్వాత ఆ గొంతు ఒక్క ప్రశ్న అడిగింది. విసుగు లేదు అందులో. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎన్ని నిమిషాలు కావాలి అంటున్నాడు వదినా."

కండక్టరమ్మ నా వైపు చూసింది. ఇరవై ఆరేళ్ళు బండి ఒక్క నిమిషం లేటయితే ఊరుకోని మనిషిని నేను. రెండు వేళ్ళు చూపించబోయాను. ముసలాయన కుంటికాలు గుర్తొచ్చి, నాలుగు చూపించాను.